పిట్టల డాక్టరు

మధ్యాహ్నం ఆట ఇంకా మొదలు కాలేదు. బైండరు, తన ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి భుజం తట్టి, "ఈ సినిమాలో చప్పుళ్లన్నీ మా అమ్మాయే చేసిందండీ" అన్నాడు.

ఆయన గొంతుకు సగం హాలు తలతిప్పి చూసింది. తల్లిదండ్రుల మధ్య కూర్చున్న కూతురు సిగ్గుతో సీట్లోకి కుంగిపోయింది. కానీ లోపల మాత్రం ఆమె ప్రాణం లేచొచ్చింది. రెండేళ్లుగా ఈ మనిషి ఆమెతో ఫోనులో ఒక్క మాట మాట్లాడలేదు మరి.

ఆయనది విశ్వవిద్యాలయం గేటుకు ఎదురుగా బైండింగు కొట్టు. పీహెచ్‌డీ థీసిస్‌లకు అట్టలు వేయడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల పిల్లల పేర్లన్నీ బంగారు అక్షరాలతో అట్టల మీద ఒత్తుతూనే ఉన్నాడు. తన కూతురు పిట్టల కూతల మీద పరిశోధనకు చేరిన రోజున ఖరీదైన ఎర్ర రెక్సిన్ ముక్క ఒకటి కొని పై అరలో దాచాడు. పట్టా రాకముందే ఆమెను వీధంతా 'పిట్టల డాక్టరు' అని పిలిచేది. ఆ పేరు పెట్టిందీ ఆయనే.

అయిదేళ్లపాటు ఆమె తెల్లారకుండానే మైకు పట్టుకుని తుప్పల వెంట తిరిగింది. ఒకసారి ఏదో సినిమాకు పిట్టల కూతలు కావాలంటే తన రికార్డింగులు తీసుకుని స్టూడియోకు వెళ్లింది. అక్కడొక ముసలాయన పాత తోలు చేతితొడుగులు రెండు పట్టుకుని టపటపా ఆడించాడు. తెర మీద పావురం ఎగిరిపోయింది. ఆమె నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత వారం వారం అక్కడికే. బిస్కెట్ ప్యాకెట్ కాగితం నలిపి మంట రాజేయడం, అట్ట మీద బియ్యం జల్లి వాన కురిపించడం నేర్చుకుంది. ఫెలోషిప్పు ఏడాదికి ఇచ్చేది ఇక్కడ ఒక్క సినిమాతో వచ్చేది. అదొక్కటే కాదు. ఉన్న పిట్ట ఎందుకు కూసిందో రాయడం కంటే, లేని పిట్టను కూయించడమే ఆమెకు నచ్చింది. ఏదో ఒకటే చూసుకోమని ప్రొఫెసరు గట్టిగా చెప్పేసరికి, పరిశోధన మానేస్తానని చెప్పడానికి కొట్టుకు వెళ్లి తండ్రి ఎదుట నిలబడింది.

ఆయన అట్టకు జిగురు రాస్తున్నాడు. అంతా విని తలెత్తకుండానే, "ఆలోచించుకున్నావా?" అన్నాడు.

"ఆలోచించుకున్నాను నాన్నా."

"సరే అయితే" అని మళ్లీ జిగురులో వేలు ముంచాడు.

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. మకాం స్టూడియో ఉన్న ఊరికి మారింది. కొన్నాళ్లకు ఆయన ఫోనెత్తడం కూడా మానేశాడు. ఎప్పుడు చేసినా తల్లే ఎత్తి, నాన్న పనిలో ఉన్నారనో, ఇప్పుడే అలా బయటికి వెళ్లారనో చెప్పేది. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఆమె తెగించి కొట్టుకే వెళ్లింది. తను చేసిన వాన వినమని తండ్రి చెవులకు హెడ్‌ఫోన్సు తగిలించింది. ఆయన కదలకుండా కూర్చుని, వాన అయిపోయేదాకా ఆమె మొహంలోకే చూశాడు. తర్వాత వాటిని తీసి చేతికిచ్చి, "బాగుంది" అని కత్తెర అందుకున్నాడు. ఎలా చేశావని మాటవరసకైనా అడగలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు దిగేదాకా ఆమె కొంగు తడుస్తూనే ఉంది. ఈయన చేత ఒక్కసారైనా 'నా కూతురు' అనిపించకపోతే చూడమని ఆ రోజే పంతం పట్టింది.

పంతం నెగ్గింది. చప్పుళ్లకని ఈ సినిమాకు బహుమతి వచ్చింది, పేపర్లో ఆమె ఫోటో పడింది. మర్నాడు తల్లి ఫోను చేసి, ఆ సినిమా నీ పక్కన కూర్చుని చూడాలని నాన్న అంటున్నారని చెప్పింది. ఆమె మొదటి బస్సుకే బయల్దేరింది.

తెర మీద వాన మొదలవగానే బైండరు ముందాయన్ని మళ్లీ తట్టాడు. వాన మా అమ్మాయిదన్నాడు. గుర్రం పరుగెత్తితే అదీ మా అమ్మాయేనన్నాడు. నిజంగా గుర్రం లేకుండానేనా అని ముందాయన ఆశ్చర్యంగా అడిగితే, ఆ మాట పట్టించుకోకుండా మంట గురించి చెప్పుకుపోయాడు. కాసేపటికి ఒక ముసలామె ఖాళీ ఇంట్లో నడిచే ఘట్టం వచ్చింది. అక్కడ దర్శకుడు కావాలనే చప్పుళ్లన్నీ తీసేయించాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో బైండరు గొంతు ఖంగుమంది.

"ఆ అడుగుల చప్పుడూ మా అమ్మాయిదే, వినండి."

హాలు గొల్లుమంది. నాన్న ఇన్నాళ్లకు వేళాకోళమాడాడని ఆమె కూడా కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. చివర్లో ఆమె పేరు ఒక్కటే తెరంతా పరుచుకుని కనిపించినప్పుడు, ఆయన లేచి నిలబడి అది చెరిగిపోయేదాకా చప్పట్లు కొట్టాడు. ముందు వరుస పెద్దమనిషి కూడా లేచి కొట్టాడు.

బయటికి వచ్చాక బైండరు గేటు దగ్గర టిక్కెట్లు చింపే మనిషికి కూతురి గొప్ప మొదట్నుంచీ వినిపించసాగాడు. కూతురు తల్లిని చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది.

"నాన్నకి నా మీద కోపం ఎప్పుడు పోయిందమ్మా?"

"కోపమేంటే? నీ మీద ఆయనకి కోపమెప్పుడుంది?" తల్లి గేటు వైపు ఓసారి చూసింది. "తెలిస్తే అన్నీ వదిలేసి ఇంటికొచ్చి కూర్చుంటావని నా చేత ఒట్టేయించుకున్నారు."

"ఏం తెలిస్తే?"

తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది.

"మీ నాన్నకి బొత్తిగా చెవులు వినిపించక రెండేళ్లయిందే."