వయసు మీద ఫిర్యాదు

"ఆ పిల్లకి పదమూడేళ్ళా? ఎవరికి చెప్తున్నారమ్మా ఈ కబుర్లు!"

కోచ్ లెన్‌వర్త్ బల్ల మీద గుద్దిన గుద్దుకి మిస్ టేట్ చేతిలోని బన్ను కిందపడింది. పోటీల కార్యదర్శిగా ఇలాంటి గుద్దులు ఆవిడ చాలా చూసింది.

"పుట్టినతేదీ కాగితం ఉంది లెన్‌వర్త్. ముద్ర కూడా ఉంది. ఇంకేం చెయ్యమంటావు? నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టమంటావా? గుర్రమా అది?"

"ఆ కాగితం రెండేళ్ళు ఆలస్యంగా, రాయించిన ఏడే పుట్టినట్టు రాయించారు. మన కొండల్లో ఎవడు వెంటనే రాయించి చచ్చాడు గనక! పెద్ద గాలివాన ముందు రాత్రి పుట్టింది ఆ పిల్ల. లెక్కేసుకోండి. పదిహేను నిండాయి."

"గాలివాన వచ్చి సాక్ష్యం చెప్పదు. రాసిచ్చి సంతకం పెట్టు. పరుగైన అరగంటలోపే ఇవ్వాలి. పది నిమిషాలు అప్పుడే అయిపోయాయి."

ఫారం లాక్కుని బయటికొచ్చాడు.

పద్నాలుగు నిండని ఆడపిల్లల రెండు వందల మీటర్లు. మొదటి ఇద్దరికే రాజధాని కింగ్‌స్టన్‌లో జరిగే పోటీలు. అక్కడ పెద్ద స్కూళ్ళ కంట్లో పడితే హాస్టలు, మూడు పూటలా తిండి, చదువు. అతని శిష్యురాలు కెరీయన్ మూడోదిగా వచ్చింది. రెండోది కొండ అవతలి స్కూలు పిల్ల జోడీన్. కెరీయన్ కంటే జానెడు పొడుగు.

నాలుగేళ్ళు! వాడి పారేసిన ఇంజన్ ఆయిలుతో గీతలు గీసిన గడ్డి మీద, ఉత్త కాళ్ళతో, పొద్దున్న అరటికాయ గంజి తాగి పరిగెత్తిన పిల్ల. దాని నోటి ముందు కూడు తీసుకుపోయింది ఒక దొంగ కాగితం.

లెన్‌వర్త్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఒకటే పాఠం. మైదానంలో అబద్ధం చెల్లదు. మలుపులో గీత తొక్కిన తన పిల్లవాణ్ణి తనే పట్టిచ్చాడు. రెండు వారాలు వయసెక్కువైన కుర్రాడు గెలిచిన కప్పుని బస్సెక్కి వెళ్ళి తిరిగిచ్చేశాడు. పిల్లల పరుగు చూడ్డానికి రాని తండ్రుల్ని పేరు పెట్టి మరీ కడిగేసేవాడు.

గేటు దగ్గర జోడీన్ తల్లి వర్నా సగానికి కోసిన ఇనప పీపాలో బొగ్గుల మీద కోళ్ళు కాలుస్తోంది. పక్కనే జోడీన్ ఎముక చీకుతోంది.

"వర్నా, సిగ్గుందా నీకు?"

"కోచ్ గారా! రెక్క కావాలా, తొడ కావాలా?"

"దాని వయసెంతో చెప్పు."

"కాగితంలో ఉన్నంత."

"అబద్ధం! నా పిల్ల నోరు కొట్టారు మీరు."

"నీ పిల్లా?" వర్నా కత్తితో కోడిని ఒక్క వేటుకి రెండు చేసింది. "నీ పిల్లకి నువ్వున్నావు, గొంతు చించుకోడానికి. నా పిల్లకెవరున్నారు?"

"రాసిస్తాను. దాని పేరు కొట్టిస్తాను."

"రాసెయ్. నీ చెయ్యి పట్టుకున్నానా? నిజం నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీ మైదానంలో అబద్ధం చెల్లదుగా, పోయి రాసెయ్!"

"ఎవరే మమ్మీ ఈయన?" అంది జోడీన్.

"పక్క స్కూలు కోచ్. నువ్వు పరిగెత్తకూడదట."

జోడీన్ అతన్ని ఎగాదిగా చూసి, ఎముక కుక్కకి విసిరేసింది.

లెన్‌వర్త్ ఒళ్ళు మండిపోతూ తిరిగొచ్చి ఫారం నింపాడు. స్కూలు పేరు. పరుగు పేరు. ఆరోపణ. కలం కాగితాన్ని చింపేంత గట్టిగా రాశాడు. మిస్ టేట్ తొంగిచూసింది.

"చివరి గడి వదిలేశావు. 'ఈ సంగతి మీకెలా తెలుసు?' అది నింపకపోతే చెల్లదు. సాయంత్రం మైకులో అందరి ముందూ చదివేది అదే."

"ఊరందరికీ తెలుసు."

"ఊరు సంతకం పెట్టదు. ఇంకో మూడు నిమిషాలు."

అరువు తెచ్చిన బూట్లు చేత్తో పట్టుకుని కెరీయన్ వచ్చి నిలబడింది. "రాసేశారా సార్?"

కలం గడి మీద ఆగింది. మూడు నిమిషాలూ అక్కడే ఉండిపోయింది. మిస్ టేట్ గడియారం చూసి ఫిర్యాదుల డబ్బా మూత పెట్టేసింది. లెన్‌వర్త్ కాగితాన్ని ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాడు.

"పద. వచ్చే ఏడు చూసుకుందాం."

"వచ్చే ఏటికి నాకు పద్నాలుగు నిండిపోతాయి సార్!" పిల్ల దారికడ్డం నిలబడింది. "దాని వయసు మీకు తెలుసన్నారుగా! ఎందుకు రాయలేదు?"

ఎలా తెలుసంటే, ఆ రాత్రి మంత్రసాని చేతుల్లోంచి ఆ పసిగుడ్డుని అందుకుని, అచ్చం తన ముక్కే వచ్చిందని చూసుకుని, గాలివాన మొదలవకముందే కొండ దిగి పారిపోయిన తండ్రి లెన్‌వర్తే.