మిణుగురు అరుగు

తుమ్మ కొమ్మకు గిజిగాళ్లన్నీ కలిసి ఒక పెద్ద గూడు అల్లుకున్నాయి. ఎవరైనా వచ్చి ఉండొచ్చు, ఎవరైనా ఓ పోచ కలపొచ్చు. పొద్దుగూకగానే ఒక మిణుగురు వచ్చి లోపల వెలిగేది. ఒకరోజు వానకి అది రాలేకపోయింది. పిల్లలు చీకటికి జడిసి ఏడ్చాయి.

"ఇక దాన్ని బంకమట్టితో గోడకి అంటించేద్దాం. దీపం మన గూట్లోనే ఉంటుంది. తాతలు అలాగే చేసేవారు," అన్నాడు కుర్ర గిజిగాడు.

"ఆ గోడల మీద ఎండిపోయిన మిణుగురుల్ని చూశాన్రా నేను. ఒక్కటీ వెలగలేదు," అన్నాడు ముసలి గిజిగాడు.

మర్నాడు మిణుగురు వచ్చేసరికి, ముసలాయన ఆ బంకమట్టితోనే గుమ్మం లోపల చిన్న అరుగు కట్టి ఉంచాడు. "వాన పట్టేలా ఉంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చో తల్లీ," అన్నాడు.

ఆ మర్నాటి సాయంత్రం మిణుగురు తన చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.