లార్జ్ సైజు గ్లౌజులు

“ఉత్త నీళ్లు పోసిన ట్యూబులో మనిషి జన్యువు ఎలా దొరికింది?”

డాక్టర్ విల్మా కేకకు ల్యాబులో అందరూ ఉలిక్కిపడ్డారు.

వేళ్లూ కీళ్లూ వాచే లూపస్ జబ్బున్న పన్నెండుమంది రోగుల రక్తం. పన్నెండింటిలోనూ ఒకే అరుదైన జన్యులోపం. శరీరం తన మీద తానే ఎందుకు దాడి చేస్తుందో చెప్పే ఆధారం దొరికిందని పోయిన వారం డాలిసాయ్ గంతులేసింది. ఆమె పీహెచ్‌డీకి అదే ప్రాణం. ఇప్పుడు, సరిచూసుకోవడానికి వాటితోపాటే పెట్టిన పదమూడో ట్యూబులో, నీళ్లలోనూ అదే లోపం! అంటే అది రోగులది కాదు. ఎవరో ఒట్టి చేతులు పెట్టారు.

“ఇంకెవరు మేడమ్, మాంగ్ టెమ్యోంగే!” అందరూ మర్యాదగా ‘మాంగ్’ అని పిలిచే ముసలి అసిస్టెంటు టెమ్యోంగ్ వైపు డాలిసాయ్ వేలు చూపింది. “ముప్పయ్యేళ్ల సర్వీసు కదా, గ్లౌజులంటే నామోషీ. ఈయన గ్లౌజుల డబ్బా సీలు కూడా తియ్యకుండా నెల్నాళ్లుగా నా బల్ల మీదే పడుంది. లార్జ్ సైజు. అంత పెద్ద చేతులు ఇక్కడ ఇంకెవరికున్నాయి?”

“ఆ డబ్బా...” టెమ్యోంగ్ చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఆగిపోయాడు.

“చెప్పండి, నోరు పడిపోయిందా?”

“ఏం లేదులే తల్లీ.”

విల్మా నిట్టూర్చింది. “అందరూ బుగ్గ లోపలి నుంచి శాంపిల్ ఇవ్వండి. ఎవరిదో తేలిపోతుంది. అందాకా మాంగ్ టెమ్యోంగ్, మీరు ఇంట్లో ఉండండి.”

ఆయన అన్నం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు. “పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టుకో తల్లీ. కాస్త హాయిగా ఉంటుంది.”

“నా చేతుల సంగతి మీకెందుకు? మీ చేతులు చూసుకోండి!”

నాలుగో రోజు విల్మా ఆమెను గదిలోకి పిలిచింది.

“టెమ్యోంగ్‌ది కాదు.”

డాలిసాయ్ ముఖం పాలిపోయింది. “అయ్యో... పిలిపించండి మేడమ్. కాళ్లు పట్టుకుంటాను.”

“రాజీనామా పంపేశాడు. పొద్దున్నే గిమరస్ దీవి పడవెక్కాడు, సొంతూరికి. ఆయన వాడేది మీడియం సైజట. ఒక చీటీ పంపి, నీ బల్ల మీది డబ్బాకు అంటించి నీకిమ్మన్నాడు.”

అదే గ్లౌజుల డబ్బా. పైన చీటీ అంటించి ఉంది.

‘వేళ్లు వాచినా ఇవి పడతాయి. మా ఆవిడకూ ఇలాగే మొదలైంది. నలుగురిలో ఆ జబ్బు పేరెత్తి నిన్ను భయపెట్టలేక ఊరుకున్నాను. ఆలస్యం చెయ్యకు తల్లీ.’

డాలిసాయ్ తన వేళ్లకేసి చూసుకుంది. ట్యూబులు నింపిన రోజు ఉదయం బిగుసుకుపోయిన గ్లౌజులను విసుగ్గా పీకి పారేసిన సంగతి గుర్తొచ్చింది. పదమూడు ట్యూబులే కదా అనుకుంది.

అయినా అడిగింది. “మరి... ఎవరిది మేడమ్?”

విల్మా లేచి వచ్చి, ఆ వాచిన వేళ్లను మెల్లగా తన చేతుల్లోకి తీసుకుంది.

“నీదే, డాలిసాయ్. ఆ తప్పూ, ఆ జన్యులోపమూ.”