ఓదార్పక్క సెలవు

"జ్వరమా?" అన్నాడు మేనేజరు, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండానే.

"కాదు సార్."

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ బాగానే ఉన్నారు సార్. నాకే మనసు స్థిమితంగా ఉండట్లేదు. కొన్నాళ్ళు సెలవు కావాలి. అంటే, కావాలనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా, కావాలా?"

అక్కడే దొరికిపోయింది. ఆ ముక్క తేలకే కదా పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తన సీటుకీ ఈ గదికీ మధ్య తిరుగుతోంది.

ఆమెది లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా, లోపల ఇరుక్కున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కితే ఆ బెల్లు వచ్చి ఆమె చెవిలో మోగుతుంది. మెకానిక్ వెళ్ళి తలుపు తీసేదాకా లైన్ పెట్టెయ్యకూడదు, మాట్లాడుతూనే ఉండాలి. ఏడ్చేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళుంటారు, చచ్చిపోతున్నానని ఇంట్లోవాళ్ళకి అప్పగింతలు చెప్పేవాళ్ళుంటారు. అందరికీ ఒకటే గొంతు, చల్లగా, తొణక్కుండా. అందుకే ఆఫీసంతా ఆమెని ఓదార్పక్క అంటుంది. ఆ పేరెవరు పెట్టారో గానీ, పెట్టిన దగ్గర్నుంచీ ఆమెకి విసుక్కునే హక్కు కూడా లేకుండా పోయింది.

ఇప్పుడు ఇంటి కాలింగ్ బెల్ మోగినా ఉలిక్కిపడుతోంది. నిన్న భోజనం దగ్గర మొగుడికి పొలమారితే, మంచినీళ్ళివ్వడం మానేసి, "కంగారు పడకండి, ముందు మీ పేరు చెప్పండి" అంది. అతను నవ్వలేదు. "రేపు నువ్వు సెలవడక్కపోతే నేనే వచ్చి అడుగుతా" అన్నాడు.

అడుగుదామంటే భయం. తను లేనప్పుడు ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు చిరాకుపడి లైన్ పెట్టేస్తే? అడగడం మానేద్దామంటే ఇంకా భయం. ఇవాళ పొద్దున ఒక ముసలాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. ఆయన కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడంతే. ఈలోగా ఇక్కడ ఈమెకి ఊపిరాడలేదు.

"చూడమ్మా, చల్లటి గదిలో కూర్చుని కబుర్లు చెప్పే పని నీది. బరువులు మోసేవాళ్ళే నోరెత్తట్లేదు. నువ్వెళ్ళిపోతే నీ పని ఎవరు చేస్తారు?" అన్నాడు మేనేజరు.

"నా భయమూ అదే సార్."

"మరింకేం?"

"సరే, వద్దులెండి సార్." లేచి తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. "కాదు సార్. కావాలి."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నీతో వేగలేను గానీ, పైన పెద్ద మేడం ఉన్నారు, వెళ్ళి ఆవిడకి చెప్పుకో. ఆవిడ ఊఁ అంటే నాదేం లేదు. నువ్వొచ్చేదాకా నీ సీట్లో నేను కూర్చుంటా. అదేం బ్రహ్మవిద్యో నేనూ చూస్తాను."

ఆమె లిఫ్టెక్కి పై అంతస్తు బటన్ నొక్కింది. పెద్ద మేడం ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? మనసు బాగోలేదంటే నవ్వుతుందేమో. కడుపునొప్పి అంటే మాత్ర ఇచ్చి పంపేస్తుందేమో. ఎందుకొచ్చిన గొడవ, వెనక్కి పోదామనుకుని కింది బటన్ కూడా నొక్కింది. అంతలోనే, ఇంతదూరం వచ్చి పోవడమేమిటని మళ్ళీ పైది నొక్కింది. ఎటు పోవాలో దానికీ తేలనట్టు, లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఊరందరి లిఫ్టులూ చూసే కంపెనీకి సొంత లిఫ్టు చూసుకునే తీరికెక్కడిది?

ఫోన్ చూస్తే సీటు దగ్గరే ఉండిపోయింది. ఇక గుండె దడదడలాడుతుందని కాసుకుని నిలబడింది. దడ రాలేదు. బెల్లు లేదు, ఏడుపు లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ప్రాణం హాయిగా ఉంది. చెప్పులు విప్పి, గోడకానుకుని కింద కూర్చుంది. చాలాసేపటికి, ఇలా ఉంటే బాగోదని చెయ్యి చాపి ఎర్ర బటన్ నొక్కింది.

"హలో, ఎవరండీ, భయపడకండి, అస్సలు భయపడకండి" అంది స్పీకరు. మేనేజరే. మెట్లెక్కి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నానండీ" అంది ఆమె.

"ఏ బిల్డింగమ్మా? తెర మీద ఎక్కడ చూడాలో నాకు తెలిసి చావట్లేదు."

ఆమె వీధి పేరూ, బిల్డింగు నంబరూ నిదానంగా చెప్పింది. ఆయన ఒక్కో మాటా తిరిగి పలుకుతూ రాసుకున్నాడు. ఏళ్ళ తరబడి రోజూ వస్తున్న తన సొంత ఆఫీసు అడ్రసని ఆయనకి తట్టనేలేదు, ఆమె గొంతూ పోల్చుకోలేదు.

"మెకానిక్‌ని పంపిస్తానమ్మా. కాస్త ఆలస్యమైతే ఏమనుకోకండి. ఇందాక ఒకావిడ లోపల ఒకటే ఏడుపు. ఏం చెప్పాలో తెలీక మా ఆవిడతో నా పోట్లాటలన్నీ చెప్పుకొచ్చా. ఇప్పుడే బయటికి తీశారు."

"మధ్యలో లైన్ పెట్టెయ్యలేదా మీరు?"

"ఎలా పెట్టేస్తానమ్మా, లోపల మనిషుంటే?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో, తన కోసం తనకి వచ్చిన ఏడుపు. చప్పుడు కాకుండా కాసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"హలో, ఉన్నారా? కొంచెం ఓపిక పట్టండి తల్లీ" అన్నాడు మేనేజరు, దాదాపు బతిమాలుతున్నట్టు. "ఈ పని నా వల్ల కాదు. మా దగ్గర ఓదార్పక్క అని ఒకమ్మాయుంది. పైకెళ్ళింది, ఈ క్షణమో మరుక్షణమో వచ్చేస్తుంది. రాగానే తనే మీతో మాట్లాడుతుంది."

ఆమె కాళ్ళు బారజాపుకుంది.

"ఆవిడ రాదండీ" అంది. "సెలవులో ఉంది."