పక్క సీటు మ్యాట్

"ఈ కారులో లోపమేంటో దాచకుండా చెప్పండి బాబాయ్ గారూ" అంది, కొనడానికి వచ్చిన నర్సు.

"లోపమా? జపాను కారమ్మా. మొదట్లో మగ్గాలు చేసిన కంపెనీ, నూలుపోగంత తేడా రానివ్వరు. నేనెప్పుడూ వందకు తగ్గకుండా తోలాను. ఇదీ నోరెత్తలేదు, పక్కన కూర్చున్న మా ఆవిడా నోరెత్తలేదు."

ఆమె వెంట వచ్చిన మెకానిక్ నవ్వాడు. "అదృష్టవంతులు సార్. మా ఇంట్లో రెండూ మోతే."

పెద్దాయన నవ్వలేదు. భార్య పోయినప్పటి నుంచి ఆయనకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కారు వదిలితే చాలు.

మెకానిక్ లోపలికి వంగాడు. "డ్రైవరు వైపు మ్యాట్ బాగానే ఉంది. పక్క సీటు ముందుదే చిల్లు పడింది. ఇటువైపూ బ్రేకుందా ఏంటి సార్?"

"ఆవిడ కాలు ఊరికే ఉండేది కాదు" అన్నాడాయన విసుగ్గా.

నడిపి చూస్తానంటూ నర్సు స్టీరింగ్ ముందు కూర్చుంది. ఆయన పక్క సీట్లోకి ఎక్కాడు. తన కారులో అటువైపు కూర్చోవడం అదే మొదలు.

మలుపులో లారీ ఎదురొచ్చింది. నర్సు వేగం తగ్గించలేదు. ఆయన కాలు దానంతట అదే కిందికి నొక్కింది. మడమ సరిగ్గా ఆ చిల్లులో దిగింది.

లారీ దాటిపోయింది. కాలు మాత్రం పైకి రాలేదు.

"భయపడ్డారా బాబాయ్ గారూ? ఒక్క మాట అంటే నెమ్మదిగా పోయేదాన్నిగా!"

ఆయన తల వంచి కాలి కింది చిల్లు వంక చూశాడు.

"ఈ సీట్లో నోరు పెగలదమ్మా."