విషయం: గూడెం వాగు మీద వంతెన

"ఏడో అంశం వచ్చే నెలకు వాయిదా," అన్నాడు చైర్మన్ వెంకటరామారావు, కాగితం తిప్పేస్తూ.

"వాయిదా వద్దండీ. ఇవాళ తేల్చాల్సిందే." కౌన్సిలర్ ఉషారాణి లేచి నిలబడింది.

మున్సిపల్ మీటింగు హాల్లోకి బిర్యానీ వాసన అప్పటికే మెట్లెక్కి వచ్చేసింది. కౌన్సిలర్లలో సగం మంది చూపు తలుపు మీదే ఉంది. ఏడో అంశం, ఆమె వార్డులోని గూడెం వాగు మీద వంతెన. గూడేన్ని పట్నంలో కలిపిన రోజు నుంచీ అది అజెండాలో చివరనే ఉంటోంది. సరిగ్గా భోజనాల వేళకు దాని వంతు వస్తుంది, వాయిదా పడుతుంది. ఇంటిపన్ను మాత్రం గూడేనికి ఏనాడూ వాయిదా పడలేదు.

తలుపు బయట బెంచీ మీద గంగయ్య కూర్చుని ఉన్నాడు. మీటింగు ఉన్న ప్రతిసారీ పొద్దున్నే గూడెం నుంచి నడిచి వస్తాడు. ప్లాస్టిక్ కవర్లోంచి అర్జీ తీసి ఇస్తాడు. గుమాస్తా జ్యోత్స్న పైన 'విషయం' అన్న చోట ఒక్క లైను చూస్తుంది. 'గూడెం వాగు మీద వంతెన గురించి.' ముద్ర కొట్టి ఫైల్లో పెట్టేస్తుంది. ఆ ఆఫీసులో ఎవరి అర్జీకైనా జరిగే మర్యాద అంతే.

ఇంట్లో కోయ మాట్లాడే గంగయ్యకు తెలుగు నింపాదిగా వస్తుంది. అంత ఓపిక పట్నంలో ఎవరికుంది? ఆ పొద్దున ఉషారాణి కూడా అతని మాట పూర్తి కానివ్వలేదు.

"అమ్మా, మా శారద... ఇప్పపూలు ఏరనీకి పోయిన పిల్ల... ఆ వాగు కాడ్నే..."

"తెలుసు గంగయ్యా. మళ్లీ మళ్లీ తవ్వుకుని ఏడవకు. ఇంకో పిల్లకు అట్ల కాకూడదనే గదా నీ బాధ?"

"అవ్ అమ్మా. గదే."

"ఇవాళ నేను చూసుకుంటా. నువ్వు కూర్చో."

శారద అతని ఒక్కగానొక్క కూతురు, ఇంటరు చదివిన పిల్ల. ఎలక్షన్లలో ఉషారాణి వెంట ఇల్లిల్లూ తిరిగి, ఆమె మాటల్ని గూడెం వాళ్లకు కోయలో చెప్పింది. వంతెన వేయిస్తానన్నప్పుడు ఎందుకో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బిడియమనుకుంది ఉషారాణి. ఆ పిల్ల పోయిన రోజు ఆమె విజయవాడలో పెళ్లిలో ఉంది. వాగు దగ్గర పోయిందట అని ఎవరో ఫోన్లో చెప్పారు. తిరిగొచ్చాక కూడా పలకరించడానికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? ఆ సిగ్గు అప్పటి నుంచీ ఆమెను తినేస్తూనే ఉంది.

"ఆ పిల్ల వాగులో కొట్టుకుపోయిందండీ," అంది హాల్లో. "మనమేమో ప్రతి నెలా భోంచేసి లేచిపోయాం."

చైర్మన్ మంచినీళ్లు తాగాడు. ఇసుక లారీలు తిప్పే కౌన్సిలర్ శ్రీధర్ ఫోన్లోకి తల వంచుకున్నాడు.

"నలభై గడపల కోసం వంతెనా అమ్మా?" అన్నాడు చైర్మన్ చివరికి. "అయినా మీ వీధికి మురిక్కాలువ కావాలని మీరే అడిగారు."

"అది తీసెయ్యండి. ఆ నిధులు దీనికే పెట్టండి."

సాయంత్రానికి వీధి వీధంతా తనను కడిగేస్తుందని ఆమెకు తెలుసు. అయినా హాల్లో ఒక్కరూ కదల్లేదు. ఇక దాచుకున్న చివరి మాట బయటికి తీసింది.

"గూడెం కోసం కాకపోతే ఇసుక కోసమన్నా వెయ్యండి. వాగు ఎండిన నాలుగు నెలలే లారీలు అవతలి ఇసుక రేవుకు దాటుతున్నాయి. వంతెన పడితే ఏడాదంతా తిరుగుతాయి. ఏం శ్రీధర్ గారూ?"

శ్రీధర్ ఫోను జేబులో పెట్టాడు. "మేడం చెప్పింది కరెక్టే. పేదోళ్ల పని, ఆపొద్దు చైర్మన్ సాబ్."

చేతులన్నీ లేచాయి. ఇన్నాళ్లు కాని పని రెండు నిమిషాల్లో అయిపోయింది. దొడ్డిదారే, కాదనలేదు. అయితేనేం, శారద రుణం కొంతైనా తీరిందనుకుంది ఉషారాణి.

ఆమె బయటికి రాగానే గంగయ్య లేచి నిలబడ్డాడు.

"అయిపోయింది గంగయ్యా. నీ మాటే నెగ్గింది."

"నిజంగనే? నా కాయితం సదివిండ్రా అమ్మా?"

"అందరూ చేతులెత్తారు."

గంగయ్య మోకాళ్ల మీద కూలబడి తువ్వాలలో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఉషారాణికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగ నా బిడ్డ నిమ్మళంగ ఉంటది," అన్నాడు మొహం తుడుచుకుని. "గూడెంల పిల్లలు వాగు కాడ బుగులు లేకుంట తిరుగుతరు."

తువ్వాల కొంగు ముడి విప్పి, ఎండిన ఇప్పపూలు గుప్పెడు తీసి ఆమె దోసిట్లో పోశాడు.

"పోయిన చైత్రంల ఏరినయి. శారద చేతియి ఇవే ఆఖరు. మీరు ఉంచుకోండ్రి."

"అన్నం తిని పో గంగయ్యా."

"లేదమ్మా. జల్దీ పోవాలె. గూడేనికి చెప్పాలె."

అతను అంత చురుగ్గా నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. గేటు దాటి దమ్మపేట రోడ్డు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

"మేడం," జ్యోత్స్న ఫైలుతో వచ్చింది. "తీర్మానానికి అర్జీ జత చెయ్యాలి. అడుగున మీ సంతకం కావాలి."

ఉషారాణి పూలు ఎడమ చేతిలోకి మార్చుకుని పెన్ను అందుకుంది. బడి పంతులు రాసిపెట్టిన గుండ్రటి అక్షరాలు. సంతకానికి చోటు వెతుకుతూ ఆమె చూపు మొదటిసారి 'విషయం' దాటి కిందికి దిగింది. అక్కడ ఉన్నది ఒకే ఒక్క వాక్యం.

'మా శారదను తొక్కిన ఇసుక లారీలకు వంతెన వెయ్యకండి.'