మీటరు మాస్టారి పరీక్ష

"ఏవండీ, పొయ్యి మళ్ళీ మొండికేసింది!"

వంటింట్లోంచి ఆవిడ కేక పెట్టిందో లేదో, ముందుగదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న పెద్దాయన మెడలో కరెంటు కొలిచే మీటరు తగిలించుకుని వచ్చేశాడు. ముప్పై అయిదేళ్ళు ఇంటింటికీ వెళ్ళి కరెంటు పొయ్యిలు బాగుచేసిన మనిషాయన. వీధంతా మీటరు మాస్టారనే పిలుస్తుంది. పని మానేసి ఆర్నెల్లయింది. అప్పట్నుంచీ కూర్చోలేడు, నించోలేడు. కిటికీ దాకా వెళ్తాడు, వస్తాడు, ఆవిడ ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి నీడలా తయారవుతాడు.

చేతికి పని లేకపోతే బుర్రకి తుప్పు పడుతుందని ఆవిడకి బెంగ పట్టుకుంది. అందుకని ఓ మందు కనిపెట్టింది. వారానికోసారి పొయ్యిని తానే పాడుచేస్తుంది! ఓసారి వెనకాల ప్లగ్గు సగం లాగింది. ఇంకోసారి ఓ తీగ వదులు చేసింది. ఆయన చిటికెలో పట్టేసి, ఆ పూటంతా ఈల వేసుకుంటూ తిరిగేవాడు. ఆ ఈల వినడానికి ఆవిడ ఎన్ని తీగలైనా విప్పుతుంది. కానీ ఈమధ్య బాగుచేశాక కూడా ఈల లేదు. ముఖం వేలాడేసుకుని అలాగే కూర్చుంటున్నాడు.

దానికి తోడు నిన్న కూతురి ఫోను.

"నాన్నా నేనూ మాట్లాడుకున్నామమ్మా. మతిమరుపు డాక్టరుకి ఒకసారి చూపిద్దాం. రేపు నాలుగింటికి. కంగారుపడకేం!"

కంగారుపడకుండా ఎలా ఉంటుంది? డాక్టరు ఒక్క మాటంటే చాలు, కూతురు పనిముట్ల పెట్టె పట్టుకుపోతుంది. కరెంటు దరిదాపులకి రానివ్వదు. ఇక ఈ మనిషి ఏమైపోవాలి? నాలుగు కాకముందే ఆయన పొయ్యిలో లోపం ఒక్కటి పట్టేస్తే, "చూశావా, మీ నాన్న బుర్ర గడియారంలా పనిచేస్తోంది" అని కూతురి నోరు మూయించొచ్చు.

అందుకే ఇవాళ మరీ తేలికైన చిక్కు పెట్టింది. పొయ్యికున్న రెండు ఫ్యూజుల్లో ఒకటి పీకి ఏప్రన్ జేబులో వేసుకుంది. పొయ్యిమీది చిన్న దీపం వెలిగి, పొయ్యి మాత్రం వేడెక్కకపోతే ముందు ఫ్యూజు చూడమని ముప్పై అయిదేళ్ళుగా ఊరందరికీ పాఠం చెప్పింది ఆయనే.

"దీపం వెలుగుతోందా?" అడిగాడు పెద్దాయన.

"వెలుగుతోంది. పొయ్యే వేడెక్కట్లేదు."

ఆయన తలుపు పక్కనున్న ఫ్యూజుల పెట్టె తెరిచాడు. పైవరసలో ఊడిన పన్నులా ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. చాలాసేపు అటే చూశాడు. తర్వాత మెల్లగా మూత వేశాడు.

"ఇక్కడంతా బాగానే ఉంది."

ఆవిడ చెయ్యి జేబులోని ఫ్యూజుమీదికి పోయింది.

"సరిగ్గా చూశారా?"

"చూశాను. నువ్వు గానీ ఈ పెట్టె తెరిచావా?"

"నేనా? దాని జోలికి నేనెందుకు వెళ్తానండీ!"

ఆయన ఆవిడ ముఖంలోకి ఓసారి చూసి, నేలమీద చతికిలబడి పొయ్యి వెనక రేకు విప్పాడు. ప్లగ్గు చూశాడు, వైరు చూశాడు, తీగల బిగింపులు చూశాడు, వేడెక్కే ఒక్కో తీగచుట్టకీ మీటరు పెట్టాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే! ఆవిడ గడియారం చూస్తుంది, జేబు తడుముకుంటుంది, మళ్ళీ గడియారం చూస్తుంది.

"ఇవాళ ఏం వారం?" అన్నాడాయన, తలెత్తకుండా.

"గురువారం."

"పొద్దున మనం ఏం తిన్నాం?"

"రొట్టె, గుడ్డు. అయ్యో రాత, అదీ మర్చిపోయారా?"

"ఊరికే అడిగాలే. పోయినసారి పొయ్యికి ఏమైంది?"

తీగ విప్పింది తనే మరి! ఆవిడ చటుక్కున తల తిప్పేసుకుంది. "నాకేం గుర్తుంటుందండీ అవన్నీ?"

ఆయన నిట్టూర్చాడు. మూడున్నరైంది. ఇక ఆవిడ వల్ల కాలేదు. జేబులోంచి ఫ్యూజు తీసి గట్టుమీద పెట్టింది.

"ఇదేదో చెంచాల డబ్బాలో దొరికిందండీ. ఎవరు పెట్టారో ఏమో."

ఆయన చేతులు ఆగిపోయాయి. "చెంచాల డబ్బాలోనా?" అన్నాడు. కళ్ళు తడిశాయి. లేచి, ఫ్యూజు దాని చోట పెట్టాడు. పొయ్యిమీది తీగచుట్ట ఎర్రబడింది. ఈల మాత్రం రాలేదు. వచ్చి ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

"ఏం పర్లేదు. నేనున్నాగా."

పాపం, తనకి తానే ధైర్యం చెప్పుకుంటున్నాడు! "నేనూ ఉన్నానండీ," అంది ఆవిడ.

కూతురు కారు తెచ్చింది. ఆస్పత్రి బెంచీమీద ఆవిడ ఆయన కాలరు సర్ది, చెవిలో గుసగుసగా పాఠం చెప్పింది.

"ఇవాళ గురువారం. పొద్దున తిన్నది రొట్టె, గుడ్డు. అడిగితే తడబడకండేం!"

"సరే," అన్నాడాయన బుద్ధిగా. "నువ్వూ గుర్తుపెట్టుకో."

డాక్టరు గది తలుపు తెరుచుకుంది. ఆవిడ చిన్నపిల్లాణ్ణి బడికి తీసుకెళ్తున్నట్టు ఆయన చెయ్యి పట్టుకుని లేపి, గుమ్మం దాకా నడిపించింది.

"మీరు కూర్చోండి తాతగారూ," అంది నర్సు, "పేషెంటు అమ్మగారు కదా."